వెనక మెట్ల సిస్టరమ్మ

పోయిన నెల హనుమకొండలో ఒక పెళ్లికి వెళ్లాను. భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్న పెద్దమనిషి ఒకప్పుడు మిల్లు ఆఫీసులో గుమాస్తా. పెరుగన్నం కలుపుకుంటూ, మాటల మధ్యలో మాటగా అన్నాడు: "మీకు తెల్వదా సారూ? సిస్టరమ్మ పోయి రెండేండ్లాయె గద."

నాకు తెలియదు. విస్తరి మడిచేశాను. లేచి చెయ్యి కడుక్కున్నాను. ఈ రెండేళ్లలో ఆమెతో మనసులో ఎన్నిసార్లు వాదించానో! నా తప్పు ఇంతవరకే, అంతకుమించి లేదు అని ఆమెకు చెప్పుకుంటూనే ఉన్నాను. వినే మనిషి లేదని మాత్రం తెలియదు. ఆ రోజు నుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

ఆమె పేరు నాకు తెలుసు. కానీ ఊళ్లో ఎవరూ ఆ పేరుతో పిలవగా వినలేదు. మిల్లు కార్మికులకు, డాక్టర్లకు, రిక్షావాళ్లకు కూడా ఆమె సిస్టరమ్మే. ఇక్కడా అలాగే ఉండనిస్తాను.

డెబ్బైల చివర్లో నేను వరంగల్‌లో పళ్ల డాక్టరుగా కొత్తగా బోర్డు పెట్టాను. బజారులో ఒక బట్టల దుకాణం మీద రెండు గదులు. ముందు గదిలో బెంచీలు, లోపలి గదిలో రోగి కుర్చీ, దీపం, కాలితో తొక్కే డ్రిల్లు. నాకు సాయం కనకయ్య అనే కాంపౌండర్. నాకంటే పదిహేనేళ్లు పెద్దవాడు. ఆ రోజుల్లో ఒక మిల్లు తన కార్మికులకు పళ్లు చూడటానికి బయటి డాక్టర్ని పెట్టుకుంటానంటే నేను దరఖాస్తు ఇచ్చాను. మిల్లు తరఫున వచ్చి, క్లినిక్ చూసి, కార్మికులను అక్కడికి పంపవచ్చో లేదో రాసిచ్చే పని సిస్టరమ్మది. అంతకుముందు ఆమె పెద్ద దవాఖానలో ఆపరేషన్ గది నర్సుగా చాలా ఏళ్లు చేసింది.

తనిఖీకి వస్తారని తెలిసి నేనూ కనకయ్యా ముందు గదికి సున్నం వేయించాం. బెంచీలు కడిగించాం. మెట్ల మీద ఫినాయిలు చల్లించాం. వారం గడిచినా ఎవరూ రాలేదు. ఒకరోజు పొద్దున నేను రోగి నోట్లోకి వంగి ఉండగా వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఈ మోరి ఎటు పోతాంది సారూ?"

తిరిగి చూశాను. సామాను కడిగే పంపు పక్కన, వెనక తలుపులో, యాభై ఏళ్ల మనిషి. పొట్టిగా, సన్నగా ఉంది. తెల్లచీర, చేతిలో చెప్పులు, జాకెట్టుకు పిన్నుతో తగిలించిన చిన్న గడియారం. రెండు సందుల అవతలే రిక్షా దిగి, మురికినీళ్లు పారే మోరి పక్కగా నడిచి, వెనక మెట్లెక్కి వచ్చింది. ఎక్కడికైనా ఆమె అట్లాగే వస్తుందని తర్వాత తెలిసింది. ఎందుకని అడిగితే, "ముంగటి దిక్కు అందరు ఊడుస్తరు," అనేది.

"మీ పని మీరు చేసుకోండ్రి. నేను లేననుకోండ్రి," అంది. నా దీపం పిడిని ఒకసారి తడిమింది. దుమ్ము చూస్తోందనుకున్నాను. కనకయ్య కుర్చీ తెచ్చి వేస్తే దాని మీద సంచి పెట్టింది. చాయ్ తెప్పిస్తే బెంచీ మీద ఉన్న ఒక ముసలమ్మకిచ్చింది. గంటసేపు మూలన నిలబడింది. కూర్చోలేదు, మాట్లాడలేదు. కాళ్లు మాత్రం ఒకచోట నిలవలేదు. ఈ మూల నుంచి ఆ మూలకు జరుగుతూనే ఉంది.

ముగ్గురు రోగులు వెళ్లాక అంది: "జర మీ చెయ్యి చూపెట్టుండ్రి సారూ."

చూపించాను. నా బొటనవేలు ఎర్రగా ఉంది. దీపం పిడి కింద ఆమె ఇందాక తడిమినప్పుడే, నూనెలో కలిపి తెచ్చుకున్న చిటికెడు కుంకుమ పూసింది. ఇక నన్ను గదంతా తిప్పింది. సొరుగు పిడి మీద ఎరుపు. దూది సీసా మూత మీద ఎరుపు. నా కళ్లజోడు మీద, పెన్ను మీద, కనకయ్య భుజం మీది తువ్వాలు మీద, చివరికి సిరంజి మీద కూడా.

"మొదలు పోయినాయన పెదవి పక్కకు కూడ అంటింది. మీరు చూడలే," అంది. "ఇది ఎర్రగున్నది గాబట్టి కనవడ్డది సారూ. ఉమ్మి ఎర్రగుండదు."

కాగితం మీద "పనికిరాదు" అని రాసి, వచ్చిన దారినే దిగిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. పిచ్చిది, కాలేజీ ముఖం చూడనిది, నాకు చెప్పవచ్చిందని కనకయ్య దగ్గర నోటికొచ్చినట్టు తిట్టాను. కానీ ఆ రోజు నుంచి దీపం ముట్టుకున్న ప్రతిసారీ నా వేలు నేను చూసుకోకుండా ఉండలేకపోయాను.

నెల తర్వాత మళ్లీ వచ్చింది. సూదులు, పటకార్లు మరిగించే గిన్నె చూసి, "ఇంట్ల కుక్కర్ ఉన్నదా?" అని అడిగింది.

"ఉన్నది. పప్పుకు వాడుతం."

"పప్పు గిన్నెల వండుకోండ్రి. కుక్కర్ ఇక్కడికి తెండ్రి. ఆవిరొచ్చినంక గడియారం చూసి ఇరవై నిమిషాలు. పంతొమ్మిది కాదు."

మా ఆవిడ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. క్లినిక్‌లో కుక్కర్ కూత వేస్తే బెంచీల మీద నవ్వులు. "డాక్టర్ సాబ్ ఇయ్యాల ఏం కూర వండుతాండు?" అని అడిగేవాళ్లు. కనకయ్య కూడా నవ్వుతూనే, "పండ్ల పులుసు," అనేవాడు.

ఆమె పిలుపులో ఒక చిత్రం ఉండేది. తప్పు కనబడితే "సారూ" అనేది. అంతా సరిగా ఉంటే "బిడ్డా" అనేది. మూడో తనిఖీలో తువ్వాలు వాసన చూసింది. సూదుల మొనలను దూది మీద గీసింది. మొన వంకరపోయి ఉంటే దూది పోగు పట్టుకుంటుంది. ఒక్క పోగూ రాలేదు. "మంచిగున్నది బిడ్డా," అంది. ఆ మాటకు ఎంత పొంగిపోయానో చెప్పుకోవాలంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మిల్లు కార్మికులను నా దగ్గరికి పంపమని ఆమె సంతకం చేసింది.

తర్వాత కూడా వచ్చేది, ఎప్పుడొస్తుందో తెలియకుండా. ఒక్కోసారి చెంగు దవడకు అడ్డం పెట్టుకుని, పన్నునొప్పి మనిషిలా బెంచీ చివర ఒరిగి నిలబడి, లోపలి మాటలు వినేది. నేను బయటికి పోయినప్పుడు కనకయ్యను నిలదీసేది. ఆమె నవ్వగా నేను చూడలేదు.

ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం. నా పేరు మిల్లు కార్మికులుండే లైన్లలో పాకింది. బెంచీలు చాలక జనం మెట్ల మీద కూర్చునేవాళ్లు. సగం పూట కరెంటు ఉండేది కాదు. స్టవ్వులో పోయడానికి కిరసనాయిలుకు కొరత. ఒక్క కుక్కర్ కాగి చల్లారేసరికి ముప్పావుగంట. అప్పటికి ముగ్గురు కేకలు వేస్తుండేవాళ్లు. ఒకరోజు కనకయ్యతో, "ఈ పూటకు స్పిరిట్‌తోని తుడువు," అన్నాను. రెండోరోజు ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. అట్లా రోజులు గడిచాయి. సిస్టరమ్మ కూడా కొన్ని నెలలుగా రాలేదు.

ఒక మధ్యాహ్నం ఆమె ముందు మెట్లెక్కి వచ్చింది. అట్లా రావడం అదే మొదలు. కుడి దవడ వాచి, ఆ వైపు కన్ను సగం మూసుకుపోయి ఉంది. ఎవరూ చెప్పకుండానే రోగి కుర్చీలో కూర్చుంది. ఆమె కూర్చోగా చూడటం కూడా అదే మొదలు.

"మూడు దినాలాయె. పీకెయ్యి బిడ్డా," అంది.

చూశాను. కింది దవడ పన్ను పుచ్చి, చుట్టూ చీము పట్టింది. కనకయ్య పళ్లెం తెచ్చి పక్కన పెట్టాడు. సిరంజిలోకి మత్తుమందు తీసుకున్నాను. స్పిరిట్ వాసన గుప్పుమంది. ఆమె నోరు తెరిచి కళ్లు మూసుకుంది.

నా చెయ్యి ముందుకు పోలేదు.

 ఆమె కళ్లు తెరవకుండానే, "ఏమాయె?" అంది.

"ఒక్క ఇరవై నిమిషాలు ఆగాలె సిస్టరమ్మా."

అప్పుడు కళ్లు తెరిచింది. సిరంజి చూసింది. నన్ను చూసింది. మూలన, మీద పాత పేపర్లు పెట్టి ఉన్న కుక్కర్‌ను చూసింది.  కనకయ్య కింద బట్టల దుకాణానికి పరుగెత్తి సీసాడు కిరసనాయిలు అడిగి తెచ్చాడు. పోవడానికి రావడానికి ఐదు నిమిషాలు పట్టింది. అన్ని రోజులుగా దొరకదనుకున్న కిరసనాయిలు!

ఆవిరి వచ్చింది. ఆమె జాకెట్టు మీది గడియారాన్ని వేళ్లతో పైకెత్తి చూసింది.  ఇరవై నిమిషాలయ్యాక, సామాను చల్లారాక, సూది వేసి పన్ను పీకాను. నోట్లో దూది కరిచిపెట్టుకుని ఆమె రోగుల రిజిస్టర్ అడిగింది.

"ఎన్ని రోజులాయె?"

"పదకొండు."

ఆ పదకొండు రోజుల పేజీలు తిప్పి, సూది వేయించుకున్నవాళ్ల పేర్లు, ఊళ్లు తన పుస్తకంలోకి ఎక్కించుకుంది. నలభై ఒక్క మంది. నా చేతి రాత అర్థం కాని చోట వేలు పెట్టి అడిగింది. అంతా అయ్యాక లేచి నిలబడింది.

"రేపు దవాఖాన బంద్ పెట్టుండ్రి సారూ. ఇంటింటికి పోవాలె."

"పోయి ఏమని చెప్పాలె?"

"ఉన్నదే."

"నా బతుకు పోతది సిస్టరమ్మా."

"పోతది," అంది. 

నాలుగు రోజులు తిరిగాం. ప్రతి గడప దగ్గరా ఆమె నాకంటే ఒక అడుగు వెనక నిలబడేది. మాట మాత్రం నేనే చెప్పాలి. మొదటి ఇంట్లో, వేడి సరిపోలేదనీ, కొంచెం అనుమానంగా ఉందనీ ఏవేవో అన్నాను. ఆ నేతపనివాడు తల గోక్కున్నాడు. వెనక నుంచి ఆమె అంది: "మళ్ల చెప్పుండ్రి సారూ. ఆయనకు సమజ్ కాలే."

అప్పుడు చెప్పాను. "నీకేసిన సూది మరగవెట్టలేదు. ఒకరికేసింది తుడిచి ఇంకొకరికేసిన. దాంతోని పచ్చకామెర్లు రావచ్చు. ఆరు నెలల దాక కండ్లు చూసుకోవాలె."

ఆయన నవ్వాడు. "గింత ఎండల గీ ముచ్చట చెప్పనీకి వచ్చిన్రా సారూ?" అని నీళ్లిచ్చాడు. అందరూ అట్లా లేరు. బజారులో ఒక ధాన్యం వ్యాపారి, తన కోడలికి సూది వేశానని విని, గద్దె మీద నుంచి లేచి నా చొక్కా పట్టుకున్నాడు. "దావత్ పిలుపా ఇది, ఇంటింటికి చెప్పుకుంట తిరుగుతానవ్?" అని అరిచాడు. చుట్టూ జనం పోగయ్యారు. సిస్టరమ్మ నన్ను విడిపించే ప్రయత్నం చేయలేదు. ఆయన అరుపు అయిపోయేదాకా ఆగి, లోపలికి పోయి ఆ కోడలి కళ్లు చూసి వచ్చింది.

ఆఖరి పేరు మరిపెడలో ఉన్న ఒక ఆడపిల్లది. ఇరవై రెండేళ్లుంటాయి. మిల్లులో పనిచేసే అన్న ఇంటికి వచ్చినప్పుడు నా దగ్గర పన్ను తీయించుకుంది. బస్సులో పోయాం. రోడ్డు పక్క పందిరి కింద మిరపకాయల తొడిమెలు తీస్తోంది. చెయ్యి ఆపకుండా మొత్తం విన్నది.

"అంటే నాకు రోగమొస్తదా, రాదా?"

"తెల్వదమ్మా."

"మీకే తెల్వకపోతె నాకెట్ల తెలుస్తది?"

దానికి సిస్టరమ్మ ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చుని చెప్పింది: "కండ్లు పచ్చగైనా, మూత్రం పచ్చగైనా, అన్నం తినబుద్ధి కాకపోయినా ఆగకు బిడ్డా. బస్సెక్కి సీదా వరంగల్ పెద్ద దవాఖానకు రా. సిస్టరమ్మ పంపిందను."

తిరుగు బస్సులో నాలో ఉన్నదంతా బయటికొచ్చింది. "మీకు ముందే ఎవరో చెప్పిన్రు. నన్ను పట్టుకోవాలనే వచ్చి కుర్చీల కూసున్నరు. అడిగితే చెప్పేవాణ్ణి కాదా? గట్ల నోరు తెరిచి పరీక్ష పెట్టుడెందుకు?"

ఆమె కిటికీ వైపు నుంచి తల తిప్పి నన్ను చూసింది. దవడ వాపు ఇంకా పూర్తిగా తగ్గలేదు.

"పరీక్షనా?" అంది. "పన్ను నొచ్చింది, వచ్చిన. ఈ ఊళ్ల పండ్ల డాక్టర్లందరి ఎన్క మెట్లు ఎక్కిన నేను. ఎవరి దగ్గర నోరు తెరువాలన్నా నాకు భయమే. నీ తాన భయం కాలే. గందుకే ముంగటి నుంచి వచ్చిన."

వరంగల్‌లో దిగి, ఆమె కోసం రిక్షా పిలిచాను.

ఆమె రిపోర్టు రాసింది. మిల్లు నన్ను తీసేసింది. ఆ రిపోర్టు టైపు చేసిన గుమాస్తానే పెళ్లిలో కనబడ్డ ఈ పెద్దమనిషి. చివరి పేరా టైపు చేయనని ఆమెతో గొడవపడ్డాడట. అందులో ఏముందో ఆ రోజుల్లోనే నాతో చెప్పాడు. "ఈ క్లినిక్ మంచిదని సంతకం చేసింది నేనే, ఈ చివరి నాలుగు నెలలు చూడకుండా వదిలేసింది నేనే, ఇందులో నా తప్పూ ఉంది" అని సిస్టరమ్మ రాసిందట. పైవాళ్లు ఆ పేరా పట్టుకుని ఆమెను తనిఖీల నుంచి తప్పించి, మిల్లు డిస్పెన్సరీలో కట్లు కట్టే గదిలో కూర్చోబెట్టారు.

వానలు పడుతుండగా మరిపెడ పిల్ల కళ్లు పచ్చబడ్డాయి. చెప్పినట్టే బస్సెక్కి సీదా వచ్చింది. ఆ వాడలోనే ఇద్దరు పిల్లలకు కూడా కామెర్లు ఉన్నాయని ఆమె అన్న చెప్పాడు. బావి నీళ్లలో మురికి కలిసిందట. నా సూది వల్లనో, ఆ నీళ్ల వల్లనో చెప్పే పరీక్ష అప్పట్లో మా దగ్గర లేదు. ఆమె నెలరోజులు వార్డులో ఉంది. డ్యూటీ అయ్యాక సిస్టరమ్మ రోజూ వచ్చేది. నేనూ పోయేవాణ్ణి. మంచానికి చెరోవైపు నిలబడేవాళ్లం. ఒకరోజు ఆ పిల్ల అడిగింది: "నీ సూదేనా సారూ?"

బావి సంగతి చెబుదామని నోటిదాకా వచ్చింది. "కావచ్చు," అన్నాను. సిస్టరమ్మ దుప్పటి సర్దుతూ ఉండిపోయింది.

ఆ పిల్ల కోలుకుని ఇంటికి పోయింది. కొన్నాళ్లకు సిస్టరమ్మ ఉద్యోగం అయిపోయి, స్టేషన్ ఘన్‌పూర్‌లో తమ్ముడి ఇంటికి చేరింది. నా బెంచీలు మెల్లగా మళ్లీ నిండాయి. మనుషులు మరిచిపోతారు, నేనూ మరిచిపోవాలని చూశాను.

మూడేళ్ల తర్వాత హైదరాబాద్ పోతున్నాను. ప్యాసింజర్ బండి ఘన్‌పూర్‌లో ఆగింది. ఏమనిపించిందో, దిగిపోయాను. ఇల్లు అడుగుతూ పోతే, పిల్లలకు సూదులేసే కాడ ఉంటదన్నారు. చిన్న సర్కారు దవాఖాన వరండాలో పిల్లల తల్లులు వరుసగా కూర్చుని ఉన్నారు. పొయ్యి మీద సూదులు మరిగే గిన్నె. దాని పక్కన ఒక కొత్త నర్సు, ఆమె నెత్తి మీద నిలబడినట్టు సిస్టరమ్మ. జీతం లేదు, ఎవరూ రమ్మనలేదు.

"ఇంక ఏడు నిమిషాలున్నయి. నా మొఖం చూడకు, గడియారం చూడు," అంటోంది ఆ నర్సుతో.

నన్ను గుర్తుపట్టింది. "బాగున్నవా?" అంది. సారూ అనలేదు, బిడ్డా అనలేదు.

చెప్పుకోవడం మొదలుపెట్టాను. కుక్కర్ పోయి అసలైన స్టెరిలైజర్ కొన్నానని, ప్రతి రోగికీ వేరే పళ్లెం పెడుతున్నానని, కనకయ్య టైము రాసి పెడుతున్నాడని. నిలబడి మొత్తం విన్నది.

"ఆ మరిపెడ పిల్ల ఎట్లున్నది?"

దవాఖాన నుంచి పంపేసిన నాటి నుంచి ఆ పిల్ల సంగతి నేను అడగలేదు. తెలుసుకోవాలనుకోలేదు కూడా.

"తెల్వదు సిస్టరమ్మా," అన్నాను.

ఆమె కళ్లు గడియారం మీదికి పోయాయి. మిగిలిన నిమిషాలు అయ్యేదాకా అట్లాగే నిలబడి, నర్సుతో, "ఇగ తియ్యి," అంది.  కాసేపు నిలబడి స్టేషన్‌కు వచ్చేశాను. హైదరాబాద్ పోలేదు. వరంగల్ వైపు పోయే బండి ఎక్కాను.

మర్నాడు మరిపెడ పోయాను. ఆ పందిరి ఉన్నచోట ఇప్పుడు చిన్న చాయ్ కొట్టు ఉంది. ఆమే నడుపుతోంది. నేను రోడ్డు అవతలే ఆగి, అంత దూరం నుంచే ఆమె కళ్ల రంగు కనిపెట్టాలని చూస్తున్నాను. లారీ ఒకటి అడ్డం వచ్చి పోయింది. అప్పుడు ఆమె నన్ను చూసింది. చేతిలో గిన్నె అట్లాగే ఆగిపోయింది. ముఖంలోకి భయం వచ్చింది.

"ఏంది సారూ, మళ్ల మరగవెట్టలేదా?"

"లేదమ్మా. గదేం లేదు. నిన్ను చూసి పోదామని వచ్చిన."

ఆమె ఊపిరి వదిలింది. గిన్నె కింద పెట్టి, చెయ్యి చీరకు తుడుచుకుని, కింది రెప్ప వేలితో లాగి నాకు చూపించింది. తెల్లగా ఉంది.

"మంచిగనే ఉన్న," అంది. "రోజు పొద్దుగాల లేవంగనే అద్దంల చూసుకుంటాన. మీరు ఆరు నెలలన్నరు గని, ఇడిచిపెట్టాలంటె ధైర్యం సాలుతలేదు."

చాయ్ ఇచ్చింది. తాగి, వరంగల్ వచ్చి, ఘన్‌పూర్‌కు కార్డు రాశాను. "మరిపెడ పిల్ల బాగున్నది" అని ఒక వాక్యం. "ఇప్పటికీ రోజూ కళ్లు చూసుకుంటున్నది" అనే రెండో వాక్యం రాయాలా వద్దా అని పోస్టాఫీసు వరండాలో చాలాసేపు అటూ ఇటూ తిరిగాను. తర్వాత అది కూడా రాసి, డబ్బాలో వేశాను.